మబ్బు చాటున శుక్రుడు

సూర్యుడు భూమికెంత దూరం? శుక్రుడు సూర్యబింబాన్ని దాటే కాలాన్ని భూగోళంపై వేర్వేరు చోట్ల గుర్తించి, ఆ భేదాన్నిబట్టి లెక్కకట్టవచ్చునని 1716లో ఎడ్మండ్ హేలీ సూచించాడు.

ఇందుకై ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు లె జాంతీ 1760లో పుదుచ్చేరికి పయనమయ్యాడు. ఇంతలో ఆ పట్టణం ఆంగ్లేయుల వశమైంది. 1761 జూన్ 6న అతడు నడిసముద్రంలో చిక్కుకున్నాడు. ఊగే ఓడపై కొలత కుదరలేదు. ఎనిమిదేళ్లు వేచి, 1769 జూన్ 4న పుదుచ్చేరిలోనే దూరదర్శిని సిద్ధం చేసుకున్నాడు. సరిగ్గా ఆ వేళకే మబ్బు కమ్మింది. శుక్రుడు దాటిపోయాక ఎండ కాసింది!

1771లో అతడు స్వదేశం చేరేసరికి, మరణించాడనుకుని వారసులు ఆస్తి పంపకానికి సిద్ధపడుతున్నారు.

ఆ ఏడే లాలాండ్ ఇతరుల కొలతలను కూర్చి, ఆ దూరం సుమారు 15 కోట్ల 30 లక్షల కిలోమీటర్లని తేల్చాడు. నేటి లెక్క 14 కోట్ల 96 లక్షలు. నాటి గణనలో లె జాంతీ కొలత ఒక్కటీ లేదు.