కొడుక్కి చెప్పకుండా గంజాయి టెస్ట్.. చేయించొచ్చా? రిపోర్ట్ ఎవరి చేతికివ్వాలి?

ఇంటర్ చదివే కొడుకు కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. రాత్రి పడుకోడు, పొద్దున లేవడు. ఏమైందిరా అంటే కసురుకుంటాడు. తల్లిదండ్రులకు ఒకటే అనుమానం.. గంజాయి! 'జ్వరం టెస్ట్ అని చెప్పి రక్తం తీయిద్దాం, అందులోనే బయటపడుతుంది కదా' అనుకుంటారు. నిజంగా బయటపడుతుందా? పడితే డాక్టర్ ఆ మాట ఎవరికి చెప్పాలి? చూద్దాం..

మామూలు బ్లడ్ టెస్ట్‌లో తెలుస్తుందా?

తెలియదు. సీబీపీ రక్తకణాలను లెక్కపెడుతుంది. షుగర్, థైరాయిడ్, లివర్, డెంగీ.. ఏ టెస్ట్ రాస్తే ఆ సంగతే చెబుతుంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని పట్టుకోవాలంటే విడిగా టెస్ట్ రాయాలి. అది కూడా ఎక్కువగా యూరిన్‌తోనే చేస్తారు. ఒక్కసారి తాగితే సుమారు మూడు రోజులు, రోజూ తాగేవాళ్లలో వారాల తరబడి ఆనవాళ్లు దొరుకుతాయి.

అందుకే పాజిటివ్ వచ్చినంత మాత్రాన పిల్లాడు బానిస అయిపోయాడని కాదు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన అసలు ముట్టలేదనీ కాదు. స్ట్రిప్ టెస్ట్ ఒక్కోసారి తప్పు కూడా చూపిస్తుంది, ల్యాబ్‌లో మరోసారి నిర్ధారించుకోవాల్సిందే.

రెండో వైపు మరో ప్రమాదం ఉంది. 'రక్తం ఇస్తే దొరికిపోతా' అన్న భయంతో పిల్లలు జ్వరాన్ని కూడా దాచిపెట్టొచ్చు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ అడిగినా నిజం చెప్పకపోవచ్చు. గంజాయి అలవాటు ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిన మత్తు మోతాదు మారొచ్చు. అక్కడ అబద్ధం చెబితే ప్రాణం మీదకే వస్తుంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

2002 నాటి వైద్య నియమావళి ప్రకారం పేషెంట్ రహస్యాన్ని డాక్టర్ బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బులు.. ఇవే మినహాయింపులు. మరి పేషెంట్‌కు 16 ఏళ్లయితే? సంతకం నాన్నది, ఫీజు నాన్నది, రిపోర్ట్ వచ్చేది నాన్న ఫోన్‌కే!

చట్టాలు కూడా ఒకే మాట చెప్పవు. 12 ఏళ్లలోపు పిల్లల సమ్మతి చెల్లదని క్రిమినల్ చట్టం అంటుంది. అంటే ఆ వయసు దాటితే పరీక్షకు పిల్లల మాటకూ విలువ ఉంటుందన్నమాట. మానసిక ఆరోగ్య చట్టం-2017 మాత్రం 18 ఏళ్లలోపు వారికి గార్డియన్‌నే ప్రతినిధిగా పెట్టింది. కాబట్టి డీఅడిక్షన్ వార్డులో చేర్చాలంటే ఇంట్లో తెలియకుండా కుదరదు. ఈ రెండింటి మధ్య నలిగేది 12 నుంచి 18 ఏళ్ల పిల్లలే. పక్కాగా గీత లేకపోవడంతో చెప్పాలా వద్దా అన్నది చాలాసార్లు డాక్టర్ విచక్షణకే మిగులుతోంది.

ఇదేమీ చిన్న సంఖ్య కాదు. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో బయటకొచ్చింది. 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో దాదాపు 20 లక్షల మంది గంజాయి, దాని రకాలు వాడుతున్నట్టు అందులో తేలింది.

దొంగచాటు టెస్ట్ కన్నా ఐదు నిమిషాల ఏకాంతం

ఇంట్లో, స్కూల్లో పిల్లలకు డ్రగ్ టెస్టులు చేయడంపై అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం ఎప్పుడో అభ్యంతరం చెప్పింది. మోసం చేసి టెస్ట్ చేయించారని తెలిసిన రోజు పిల్లాడికి నాన్న మీదే కాదు, డాక్టర్ మీద కూడా నమ్మకం పోతుంది. ఆ తర్వాత నిజం చెప్పుకోవడానికి వాడికి మిగిలేది ఎవరు? సిగరెట్ చేతికిచ్చిన ఫ్రెండే!

దీనికో దారి ఉంది. 'డాక్టర్ గారూ, మా వాడితో ఐదు నిమిషాలు మీరొక్కరే మాట్లాడండి' అని పేరెంట్సే బయటకు రావడం. 'నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే ఇంట్లో చెప్తా. మిగతాది మనిద్దరి మధ్యే' అని డాక్టర్ ముందే తేల్చి చెప్పాలి. చాలాసార్లు తర్వాతి మెట్టు పిల్లాడే డాక్టర్ పక్కన కూర్చుని అమ్మానాన్నలకు చెప్పడం. తల్లిదండ్రులకు తెలియాల్సింది తెలుస్తుంది, కానీ పిల్లాడి నోటి నుంచే.

పోలీసులు పట్టుకుపోతారా?

ఇంట్లో నోరు విప్పకపోవడానికి ఈ భయం కూడా ఒక కారణమే. గంజాయి తాగితే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. కానీ అదే చట్టంలో 64ఏ ఉంది. బానిసైన వ్యక్తి తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. 18 ఏళ్లలోపు వారి కేసు ఎలాగూ జువైనల్ జస్టిస్ బోర్డుకే వెళ్తుంది. పిల్లలకు మత్తు అందించిన వాడికి మాత్రం ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా.

గంజాయి లోడ్లు పట్టుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈగల్ టీమ్‌లు ఉన్నాయి. పిల్లాడు నిజం చెప్పేందుకు ఆస్పత్రిలో ఒక గది, దానికో స్పష్టమైన రూల్ కూడా అంతే అవసరం. అది వచ్చేవరకు ఆ ఐదు నిమిషాలు ఇవ్వాల్సింది పేరెంట్సే.

సాయం కావాలంటే: డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే ఏపీలో 1972, తెలంగాణలో 1908.