కోట తలుపు తట్టే ధ్వని

1962 జనవరి 28. కాలిఫోర్నియాలో ఒక విమాన చోదకుని ఇంట, మూడేళ్లు నిండని చిన్నారి కన్నుమూసింది. ఆ దంపతుల పెళ్లిరోజు కూడా అదే. అంతకు ముందు ఏడాది వేసవిలో పాప ఆడుకుంటూ తూలి పడింది. మెదడు కాండంలో కంతి ఉన్నదని వైద్యులు తేల్చారు. రేడియేషన్ చికిత్స జరిగింది. పాప మళ్లీ లేచి నడిచింది, తల్లిదండ్రులలో ఆశ చిగురించింది. కొద్ది నెలలకే జబ్బు తిరగబెట్టింది.

ఆ పాప పేరు కేరన్. తండ్రి నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఏడేళ్ల తరువాత, 1969 జూలైలో, ఆయన చంద్రునిపై అడుగు పెట్టాడు. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరాన్ని జయించిన మానవుడు, ఒక పసిబిడ్డ తలలో కొన్ని అంగుళాల లోతున ఉన్న చోటికి మాత్రం మందును చేర్చలేకపోయాడు. ఆ కొన్ని అంగుళాలను దాటించే బాధ్యత నేడు కొందరు యువ పరిశోధకుల భుజాలపై ఉంది. వారి ఉద్యోగానికి ఆడంబరమైన పేరేమీ లేదు. డాక్టరేట్ పట్టా పుచ్చుకున్న తరువాత, స్థిరమైన పదవి దొరికేలోగా, రెండు మూడేళ్ల ఒప్పందంపై చేసే పని అది. దానిని పోస్ట్‌డాక్టరల్ పరిశోధన అంటారు. వారు చేతబట్టిన ఆయుధం మనిషి చెవికి వినిపించని ధ్వని.

వారి పని తెలియాలంటే ముందు శత్రువు తెలియాలి. మెదడునూ వెన్నుపామునూ కలిపే కాండంలో ‘పాన్స్’ అనే భాగం ఉంది. లాటిన్‌లో ఆ మాటకు వంతెన అని అర్థం. దాని పొడవు బొటనవేలి కణుపు పాటిదే. కళ్లు కదలడం, ముఖకవళికలు, మింగడం, ఊపిరి తీయడం వంటి పనులను నడిపే నరాల కేంద్రాలు ఆ ఇరుకు చోట కిక్కిరిసి ఉన్నాయి. డి.ఐ.పి.జి. అనే కంతి పుట్టేది అక్కడే. ఎక్కువగా అయిదు నుండి పదేళ్ల లోపు పిల్లలకు వస్తుంది. బిడ్డకు హఠాత్తుగా మెల్లకన్ను వస్తుంది. నవ్వితే మూతి ఒక పక్కకు పోతుంది. నడకలో తూలు కనిపిస్తుంది.

ఇది గడ్డలా ఒకచోట నిలిచే కంతి కాదు. పాలలో నీరు కలిసినట్లు, ఆరోగ్యకరమైన కణాల నడుమ రోగకణాలు కలిసిపోతాయి. ఈ పాలనూ నీటినీ వేరు చేయగల హంస ఏ శస్త్రవైద్యుని కత్తిలోనూ లేదు. సుమారు ఆరు వారాల రేడియేషన్‌తో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పడుతుంది. ఆ తరువాత మళ్లీ విజృంభిస్తుంది. జబ్బు బయటపడిన పిల్లలలో సగానికి పైగా ఏడాది లోపే మరణిస్తారు. రెండేళ్లు దాటేవారు నూటికి పదిమంది కూడా ఉండరు.

మరి మందులు ఎందుకు పనిచేయవు? జవాబు 1885 నాటి ప్రయోగంలో మొదలవుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించి చూశాడు. అన్ని అవయవాలకూ రంగు పట్టింది, మెదడుకూ వెన్నుపాముకూ మాత్రం పట్టలేదు. మెదడుకు ఆ రంగును పీల్చుకునే స్వభావం లేదని ఆయన భావించాడు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ అదే తరహా రంగును మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించాడు. ఈసారి మెదడు రంగు తిరిగింది, మిగిలిన శరీరం తిరగలేదు. అంటే రక్తానికీ మెదడుకూ నడుమ ఒక అడ్డుగోడ ఉన్నదన్నమాట.

ఈ గోడ మెదడులోని సన్నని రక్తనాళాల లోపలి పొరే. అక్కడి కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. రక్తంలో తిరిగే విషాలనూ సూక్ష్మజీవులనూ మెదడు దరిదాపులకు రానివ్వని కోటగోడ ఇది. అయితే కోట కాపలావానికి శత్రువెవరో వైద్యుడెవరో తెలియదు. విషంతో పాటు మందునూ వెనుకకు తిప్పి పంపుతాడు. పెద్దలకు వచ్చే అనేక మెదడు కంతులలో ఈ గోడ అక్కడక్కడ బీటలు వారుతుంది. డి.ఐ.పి.జి.లో మాత్రం చాలావరకు చెక్కుచెదరక నిలిచి ఉంటుంది. మందు రక్తంలో నిండుగా ఉన్నా రోగకణానికి అందదు.

ధ్వని ప్రవేశించేది ఇక్కడే. సెకనుకు 20,000 కంపనాలు మించిన ధ్వని మనిషికి వినిపించదు. గర్భిణీ స్త్రీకి స్కానింగ్ చేసి కడుపులోని బిడ్డను చూపేది ఆ ధ్వనే. భూతద్దం సూర్యకిరణాలను ఒక బిందువుపై కేంద్రీకరించినట్లు, ఈ ధ్వనినీ పుర్రె గుండా పంపి మెదడులో ఒక బిందువుపై కూడగట్టవచ్చు. ఇందుకు వాడే యంత్రాలలో ఒకదానికి శిరస్త్రాణం వంటి తొడుగులో 1,024 ధ్వని జనకాలు అమర్చి ఉంటాయి.

ధ్వనితో పాటు రక్తంలోకి అతి సూక్ష్మమైన బుడగలను ఎక్కిస్తారు. ఎర్ర రక్తకణం కంటె చిన్నవైన ఈ బుడగలలో వాయువు ఉంటుంది. గుండె స్కానింగ్‌లో వైద్యులు వీటిని ముందునుంచే వాడుతున్నారు. ధ్వని తగిలిన చోట బుడగలు సెకనుకు లక్షల సార్లు ఉబ్బుతూ కుంచించుకుపోతూ రక్తనాళపు గోడను మెల్లగా నెడతాయి. అతుక్కుని ఉన్న కణాల నడుమ సందు ఏర్పడుతుంది. ఆ సందులో మందు లోనికి పోతుంది. కొద్ది గంటలలో, మహా అయితే ఒకటి రెండు రోజులలో, తలుపు తనంతట తానే మూసుకుంటుంది. బోస్టన్‌లో కుల్లెర్వో హైనినెన్ బృందం 2001లో కుందేళ్లలో ఈ పద్ధతిని నిరూపించింది. 2015లో టొరంటోలోని సన్నీబ్రుక్ ఆస్పత్రి వైద్యులు పుర్రె తెరవకుండానే ఒక పెద్దవయసు రోగి మెదడులో ఆ తలుపు తెరిచారు.

పెద్దలకు చేసినదే పిల్లలకూ చేయవచ్చు గదా అనిపిస్తుంది. యువ పరిశోధకుల పని మొదలయ్యేది అక్కడే. పిల్లల పుర్రె పలుచన, పైగా పెరుగుతూ ఉంటుంది. ధ్వని అందులో వంగే తీరు వేరు. నీటి తొట్టిలో ధ్వని జనకాన్ని ముంచి, సూది మొన వంటి గ్రాహకాన్ని మిల్లీమీటరులో కొద్ది భాగం చొప్పున జరుపుతూ, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతున్నదో పరిశోధకులు కొలుస్తారు. ఆ కొలతలను గణకయంత్రం వేసిన లెక్కలతో సరిపోలుస్తారు. తరువాత ఎలుకలలో చూస్తారు.

అన్నింటికంటె కష్టమైన పని వినడం. ఒత్తిడి తక్కువైతే తలుపు తెరుచుకోదు. ఎక్కువైతే బుడగలు పగిలి రక్తనాళం చిట్లుతుంది. ఊపిరిని నడిపే పాన్స్‌లో ఆ పొరపాటుకు తావు లేదు. అదృష్టవశాత్తు బుడగలు మౌనంగా ఉండవు. సక్రమంగా ఊగుతున్నంతసేపు వీణ తీగ వలె స్పష్టమైన స్వరాలను తిరిగి పంపుతాయి. పగలడం మొదలుపెట్టగానే శ్రుతి చెడి, రొద వినిపిస్తుంది. ఆ అపశ్రుతిని క్షణంలో పట్టుకుని ధ్వనిని తగ్గించే యంత్రానికి చెవులు అమర్చడమే ఈ పరిశోధనలో కీలకం.

ఈ దశాబ్దంలో న్యూయార్క్, వాషింగ్టన్, టొరంటో నగరాలలో ఈ జబ్బు ఉన్న పిల్లలపై ధ్వని చికిత్సను పరీక్షించడం ఆరంభమైంది. ఇవి ముందుగా క్షేమాన్ని తేల్చేందుకు కొద్దిమందిలో జరిపే తొలి పరీక్షలు. తలుపు తెరవడం సాధ్యమేనని తెలుస్తున్నది. ఆయువు పెరుగుతుందని ఇంకా రుజువు కాలేదు. తలుపు తెరిస్తే చాలదు, లోనికి పంపవలసిన మందు ఏదో కూడా తేలాలి. ఈ జాతి కంతులలో ఒక జన్యుమార్పు ఉండి, చికిత్స తరువాత జబ్బు మళ్లీ ముదిరిన వారికి డార్డావిప్రోన్ అనే మందును అమెరికా ప్రభుత్వం 2025లో షరతులతో అనుమతించింది. అది తనంతట తాను గోడ దాటగల అరుదైన మందు. దాటలేని మందులే ఎక్కువ.

ఆ జన్యుమార్పును శాస్త్రజ్ఞులు 2012లో కనుగొన్నారు. అందుకు తోడ్పడినవారు ప్రయోగశాలల వెలుపల ఉన్నారు. బిడ్డ పోయిన గంటలలోనే, ఆ బిడ్డ మెదడులోని కంతిని పరిశోధనకు ఇవ్వడానికి సమ్మతించిన తల్లిదండ్రులు వారు. ఆ సమ్మతి వల్ల తమ బిడ్డ తిరిగి రాదని వారికి తెలుసు.

యువ పరిశోధకులకూ అటువంటి సత్యమొకటి తెలుసు. వారి ఉద్యోగపు గడువు రెండు మూడేళ్లు, రోగి గడువు చాలాసార్లు ఏడాది కూడా కాదు. వారు పనిలో చేరిన రోజున ఆస్పత్రి మంచంపై ఉన్న బిడ్డ, వారి తొలి ఫలితం అచ్చయ్యే నాటికి బహుశా ఉండదు. వారు శ్రమిస్తున్నది ఈ రోజు ఎక్కడో ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డ కోసం, ఇంకా పుట్టని బిడ్డ కోసం. ఆ బిడ్డ పేరు వారికి తెలియదు. వారి పేరు ఆ బిడ్డకూ తెలియకపోవచ్చు.

కేరన్ మరణించి అరవై ఏళ్లు దాటింది. ఆనాడు ఆమెకు దొరికిన రేడియేషనే నేటికీ ఈ పిల్లలకు ఇచ్చే మొదటి చికిత్స. ఆ మాట మారే రోజు కోసం, నీటి తొట్టి పక్కన కూర్చుని, కంటికి కనిపించని బుడగల స్వరాన్ని ఎవరో శ్రద్ధగా వింటున్నారు.