గ్రాహకాలు కోలుకొంటాయి, జ్ఞాపకం మిగులుతుంది

వ్యసన విముక్తి కేంద్రంలో నెల రోజులు ఉండి వచ్చిన యువకుడు మళ్ళీ గంజాయి ముట్టుకొంటే ఇంట్లో వినిపించే మాట ఒకటే: “వీడికి ఇక బుద్ధి రాదు.” వైద్యునిగా ఈ మాటతో నేను ఏకీభవించను.

గంజాయిలోని టీహెచ్‌సీ మెదడులోని సీబీ1 గ్రాహకాలపై, అనగా రిసెప్టర్లపై, పనిచేస్తుంది. నిత్యం వాడేవారిలో ఈ గ్రాహకాలు తగ్గిపోతాయి. మానివేసిన సుమారు నాలుగు వారాలకు అవి చాలావరకు సాధారణ స్థాయికి చేరుకొంటాయని మెదడు స్కానింగు పరిశోధనలు తెలిపాయి. నిద్రలేమి, చిరాకు కూడా ఆ వ్యవధిలోనే చాలావరకు తగ్గుతాయి. అందువలననే నెల తిరిగేసరికి “నయమైపోయింది” అనిపిస్తుంది. నయమైనది గ్రాహకాలకు మాత్రమే.

పావ్‌లోవ్ ప్రయోగాన్ని బీఎడ్ చదివినవారు ఎరుగుదురు. గంట మోగించి ఆహారం పెట్టకపోతే కుక్కకు లాలాజలం ఊరడం క్రమంగా ఆగిపోతుంది. దీనిని విరమణ అంటారు. కానీ కొంత విరామం తరువాత గంట మోగిస్తే లాలాజలం మళ్ళీ ఊరింది! పాత పాఠం చెరిగిపోలేదు, దానిపై కొత్త పాఠం వచ్చి చేరిందంతే. ఆ కొత్త పాఠం నేర్చిన చోటును అంటిపెట్టుకొని ఉంటుందని అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ బౌటన్ నిరూపించారు. విశాఖపట్నంలో నాలుగు గోడల మధ్య నేర్చినది నర్సీపట్నంలో పాత స్నేహితులు కూర్చునే అరుగు దగ్గర అక్కరకు రాకపోవడానికి కారణమిదే. పైగా మనది మన్యం నుండి గంజాయి మైదానానికి దిగే దారి. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన్’ పేరిట వేలాది ఎకరాల తోటలను ధ్వంసం చేసినా ఆ అరుగు అక్కడే ఉంది.

వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులలో స్వదేశం చేరిన మొదటి సంవత్సరంలో మళ్ళీ బానిసలైనవారు సుమారు 5 శాతమేనని లీ రాబిన్స్ అధ్యయనం తేల్చింది. మందు వేరు, పరిస్థితి వేరు. అయినా చోటు మారడం చిన్న విషయం కాదు.

విరమణను బలపరచే మాత్ర లేదా? క్షయకు వాడే సైక్లోసెరిన్ మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై పనిచేసి ఎత్తు ప్రదేశాలంటే భయపడేవారి చికిత్సకు తోడ్పడింది. కొకైన్ వ్యసనంలో మాత్రం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. కనుక “ఒక్క ఇంజెక్షన్‌తో విముక్తి” అనే ప్రకటనలకు డబ్బు పోయవద్దు.

కేంద్రం నుండి ఇంటికి పంపడంతో చికిత్స ముగిసినట్లు భావించే పద్ధతి మారాలి. తరువాతి ఆరు నెలలైనా కౌన్సెలింగ్ రోగి ఉన్న ఊరిలోనే, ప్రాంతీయ ఆసుపత్రులలోనే, వారం వారం జరగాలని నా అభిప్రాయం. ఆ అరుగు ముందుగా నడిచి వెళ్ళడం అక్కడే సాధన చేయించాలి. మొదట తోడుతో, తరువాత ఒంటరిగా. ఈలోగా మళ్ళీ వాడినట్లు తెలిస్తే కొట్టకండి, దాచకండి. ఆ రోజే వైద్యునికి చెప్పండి. 14446 జాతీయ ఉచిత సహాయ సంఖ్య.