మన ఊరు ఏది?

"మీదే ఊరు?" అని అడిగితే భిలాయిలో ఉండే తెలుగువారు ఏం జవాబు చెబుతారో మీరు గమనించారా? ఒకరు టెక్కలి అంటారు. ఒకరు పలాస, ఒకరు బొబ్బిలి, మరొకరు రాజాం. చెప్పే మనిషి భిలాయిలోనే పుట్టి ఉండవచ్చు. ఇక్కడి బడిలోనే చదివి, ఇక్కడే పెళ్లి చేసుకుని, ఇక్కడే పిల్లల్ని కని ఉండవచ్చు. అయినా ఊరు అంటే మాత్రం తాతగారి ఊరే. భిలాయి కేవలం "ఉంటున్న చోటు".

ఈ అలవాటు గురించి నాకొక అభిప్రాయం ఉంది. దాన్ని మీ ముందు పెడుతున్నాను. మీరు ఒప్పుకోవాలని లేదు. చదువుతూ మీ ఇంటిని, మీ వీధిని ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

ముందుగా ఈ ఊరు ఎలా పుట్టిందో చూద్దాం. 1955 ఫిబ్రవరిలో మన ప్రభుత్వానికీ సోవియట్ యూనియన్‌కూ మధ్య ఒక ఒప్పందం జరిగింది. దాని ప్రకారం దుర్గ్ పక్కన పొలాలూ పల్లెలూ ఉన్న నేల మీద ఉక్కు కర్మాగారం కట్టడం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పుడు ఇది మధ్యప్రదేశ్‌లో భాగం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైంది. పని కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవారూ వారిలో ఉన్నారు. క్యాంప్-1, క్యాంప్-2 అనే పేర్లు మీకు తెలుసు కదా! అవి కర్మాగారం కడుతున్న రోజుల్లో పనివాళ్లు దిగిన క్యాంపుల పేర్లే. గుడిసెలు పోయి ఇళ్లు వచ్చాయి. పేరు మాత్రం మారలేదు. క్యాంప్ అంటే నాలుగు రోజులు ఉండి వెళ్లిపోయే చోటు. మన మనసులో కూడా ఆ మాటే నిలిచిపోయిందేమో అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ఉక్కు ఊళ్లో కుటుంబ జీవితాన్ని నడిపేది గోడ మీది గడియారం కాదు, షిఫ్టు. పొద్దున ఆరు నుంచి రెండు వరకు ఒకటి, రెండు నుంచి రాత్రి పది వరకు ఒకటి, పది నుంచి తెల్లవారు ఆరు వరకు ఒకటి. ఇలా ఎందుకు? బ్లాస్ట్ ఫర్నేస్ మన పొయ్యి లాంటిది కాదు. ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆరకుండా మండాలి. చల్లారితే కరిగిన ఇనుము లోపలే గడ్డకడుతుంది, కొలిమే పాడవుతుంది. అందుకని కొలిమికి ఆదివారం లేదు, దీపావళి లేదు. దాని దగ్గర పనిచేసేవారికీ ఆదివారం లేదు. వారి సెలవు వారంలో ఏ రోజైనా రావచ్చు. దాన్ని వీక్లీ ఆఫ్ అంటారు. నాన్నకు మంగళవారం సెలవు, పిల్లలకు ఆదివారం సెలవు, అమ్మకు ఏ వారమూ లేదు. నలుగురూ ఒకేచోట కూర్చుని అన్నం తినే పూటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అలా దొరికిన సెలవుల్ని మనం ఏం చేస్తాం? కూడబెడతాం. వేసవిలోనో సంక్రాంతికో "ఊరు వెళ్లడానికి" దాస్తాం. మిగతా వీక్లీ ఆఫ్‌లు నిద్రతో, రేషన్ సంచీతో, టీవీతో గడిచిపోతాయి. లెక్క వేయండి. ఏడాదికి వీక్లీ ఆఫ్‌లు యాభై రెండు. ఊరికి వెళ్లి ఉండేది పది, పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల కోసం ఈ యాభై రెండు రోజుల్నీ లెక్కలోకి తీసుకోకపోవడం నాకు నచ్చదు. పిల్లల బాల్యం ఎక్కువగా గడిచేది ఈ యాభై రెండింటిలోనే.

"తిరగడానికి డబ్బులెక్కడివి?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. కర్మాగారంలో పర్మనెంట్ ఉద్యోగం వేరు, ఠేకేదారు కింద పని వేరు. పనిచేసిన రోజుకే కూలి అందే ఇంట్లో సెలవు అంటే పొయ్యి దగ్గర తగ్గే బియ్యం. అలాంటి ఇంటివారికి షికార్లు చేయండని చెప్పే ధైర్యం నాకు లేదు. కాని నేను చెప్పేది రైలెక్కి వెళ్లే షికారు గురించి కాదు. సైకిలు మీదో, ఆటోలోనో ఒక పూటలో వెళ్లి వచ్చే చోట్ల గురించి.

మైత్రీ బాగ్ సంగతే తీసుకోండి. మైత్రి అంటే స్నేహం. భారత, సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో కర్మాగారం వారు ఈ తోట పెట్టారు. చెరువు ఉంది, జంతుప్రదర్శనశాల ఉంది, తెల్లపులులు ఉన్నాయి. మీరు చాలాసార్లు చూసే ఉంటారు. కాని తెల్లపులి ఎందుకు తెల్లగా ఉందని మీ పిల్ల అడిగితే ఏం చెబుతారు? మంచు దేశం నుంచి తెచ్చారని చెప్పేవారిని నేను విన్నాను. అది నిజం కాదు. తెల్లపులి వేరే జాతి కాదు, మన అడవిపులే. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒక అరుదైన లక్షణం కలిసి వస్తే పిల్ల తెల్లగా పుడుతుంది. 1951లో రీవా అడవుల్లో అక్కడి మహారాజు ఒక తెల్లపులి కూనను పట్టించి మోహన్ అని పేరు పెట్టాడు. ప్రపంచంలో జంతుశాలల్లో ఉన్న తెల్లపులుల్లో ఎక్కువభాగం దాని సంతానమే. రీవా ఎక్కడో లేదు, పక్కనున్న మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఈ నాలుగు ముక్కలూ తెలిస్తే, పదిసార్లు చూసిన బోను ముందు కూడా పిల్లలు ఇంకాసేపు నిలబడతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. షికారంటే చాలా ఇళ్లలో అమ్మకు పని రెట్టింపవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పులిహోర కలపాలి, పూరీలు వేయించాలి, నీళ్ల సీసాలు నింపాలి, పిల్లల్ని ముస్తాబు చేయాలి. తోటలో దుప్పటి పరిచి వడ్డించేదీ ఆమే. సాయంత్రం ఇంటికొచ్చాక గిన్నెలు తోమేదీ ఆమే. అందరూ "బాగా తిరిగాం" అంటారు. ఆమె మాత్రం "ఇంట్లో ఉన్నా బాగుండేది" అనుకుంటుంది. అది షికారు కాదు, వంటిల్లు చెట్టు కిందికి మారడం. కాబట్టి వెళ్లే రోజున వంట వద్దు. దారిలో పోహా దొరుకుతుంది, సమోసా దొరుకుతుంది. ఆ ఖర్చు కూడా కష్టమైతే ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని అటుకులు వేయించుకోండి. మగపిల్లాడికి ఉల్లిపాయలు తరగడం రాదనకండి, నేర్పితే వస్తుంది. ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది ఇలాంటి ఇంటి పని వల్లనే చిన్నప్పుడు బడి మానేసినవారు. మీకు నేను ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇక చుట్టుపక్కల ఊళ్లు. భిలాయి నుంచి రాయ్‌పూర్ వైపు వెళ్తే దేవ్‌బలోదాలో కలచురి రాజుల నాటి శివాలయం ఉంది. రాతి గోడల నిండా బొమ్మలు. శివరాత్రికి తిరునాళ్లు జరుగుతాయి. కొంచెం ఎక్కువ సమయం ఉంటే రైలులో డోంగర్‌గఢ్ వెళ్లి వెయ్యికి పైగా మెట్లెక్కి బమ్లేశ్వరి అమ్మవారిని చూడవచ్చు. బాలోద్ దగ్గరి తాందులా జలాశయం నీరే కర్మాగారానికి వస్తుంది. పిల్లలకు ఇది చూపిస్తే నీటి పాఠం వేరే చెప్పనక్కరలేదు.

కాని చోట్లకన్నా నాకు ముఖ్యమనిపించేది మనుషులు. మనలో కొందరు ఛత్తీస్‌గఢీ మాట్లాడేవారిని "లోకల్ వాళ్లు" అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కొంచెం చులకన ఉంటుంది. ఎవరి నేల మీద ఇల్లు కట్టుకున్నామో వారిని చులకన చేయడం ఏం మర్యాద? వాళ్ల చీలా తిని చూడండి, బియ్యప్పిండితో వేసే మన అట్టుకు చుట్టమే. ఫరా మన కుడుములకు చెల్లెలు. వాళ్ల లెక్కలో శ్రావణ అమావాస్యకు హరేలీ చేసి నాగలినీ పనిముట్లనూ పూజిస్తారు, పిల్లలు వెదురు గేడీలెక్కి నడుస్తారు. పోలా నాడు ఎద్దులకు పూజ. మన ఏరువాక పున్నమి గుర్తుకు రాలేదూ? భిలాయి దగ్గరి గనియారీలో పుట్టిన తీజన్ బాయి తంబూరా పట్టి భారత కథను పాండవానీగా పాడింది. ఆడవాళ్లు కూర్చుని మాత్రమే పాడాలన్న రోజుల్లో ఆమె మగవారిలా నిలబడి అభినయిస్తూ పాడింది. ఆమె బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగమూ చేసింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. హరికథ అన్నా బుర్రకథ అన్నా చెవి కోసుకునే మనం, పొరుగున పుట్టిన ఈ కథను ఎంతమందిమి విన్నాం?

"ఇలా ఇక్కడివాళ్లతో కలిసిపోతే పిల్లలకు తెలుగు పోదా?" ఇది పెద్దలు వేసే ప్రశ్న. భయం నిజమే. సెక్టారుల్లోనూ ఖుర్సీపార్‌లోనూ తెలుగింటి పిల్లలు అమ్మతో తెలుగు, అన్నతో హిందీ మాట్లాడుతున్నారు. చాలామందికి తెలుగు అక్షరాలు రావు. కాని నా ఉద్దేశంలో తెలుగు పోతున్నది భిలాయి వల్ల కాదు. మనం తెలుగులో మాట్లాడేది ఎప్పుడూ ఊళ్లోని పొలం తగాదా, పెళ్లి కబుర్లు, చనిపోయినవారి సంగతులు. పిల్లలు చూసే లోకం గురించి తెలుగులో మాట్లాడం. అందుకే వారికి తెలుగు పెద్దవాళ్ల భాష అయిపోయింది. ఈసారి బయటికి వెళ్లినప్పుడు దారిలో చెట్లు చూపించండి. వాళ్లు మహువా అనేది మన ఇప్పచెట్టు. పలాశ్ మన మోదుగ. బీడీలు చుట్టే తేందూ ఆకు మన తునికాకు. శ్రీకాకుళం కొండల్లో ఉన్న చెట్లే ఇక్కడా ఉన్నాయి. వాటికి తెలుగు పేర్లు ఉన్నాయని పిల్లలకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఊరు వెళ్లడం మానేయమని నేను అనడం లేదు. అక్కడ తాతలున్నారు, గట్టు మీద తాటిచెట్టుంది, పంచుకోవలసిన నేల ఉంది. దారి కూడా ఇప్పుడు సులువైంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది. రైలెక్కినప్పుడు పిల్లలకు కింద ఉన్న పట్టాలు చూపించండి. దేశంలోని రైలు పట్టాలు చాలావరకు భిలాయిలో తయారైనవే. వాళ్ల నాన్నో తాతో పనిచేసిన చోటి నుంచి వచ్చినవి కావచ్చు.

ఆ రైలు ఇటు కూడా వస్తుంది కదా! ప్రతిసారీ మనమే ఎందుకు వెళ్లాలి? ఈ చలికాలంలో అమ్మమ్మను ఒకసారి ఇక్కడికి రమ్మనండి. సెక్టార్-5 బాలాజీ గుడికి మీరు తీసుకెళ్లండి. మైత్రీ బాగ్ చూపించే పని మాత్రం పిల్లలకే వదిలేయండి. మోహన్ కథ వాళ్లే చెబుతారు. మధ్యలో ఏదైనా తెలుగు మాట దొరక్కపోతే అమ్మమ్మే అందిస్తుంది.