ఏ గడిలో రాస్తారు?

2013లో దేశంలో 11,772 మంది రైతులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెప్పింది. మరుసటి ఏడాది ఆ సంఖ్య 5,650కి దిగింది. సంబరపడదామా? ఆ ఏడాదిలో అప్పులేమీ తీరలేదు, గిట్టుబాటు ధరా రాలేదు. మారింది పట్టిక. వ్యవసాయ కూలీలకు కొత్తగా వేరే గడి పెట్టారు. అందులో 6,710 మంది తేలారు. సొంత సెంటు భూమి లేని కౌలురైతు ఎందులో పడతాడన్నది కేసు రాసే పోలీసు కలం మీద ఆధారపడ్డ మాట.

కారణాల పట్టిక ఇంకా విచిత్రం. 2014 రైతు మరణాల్లో 20.6 శాతానికి అప్పులు, 20.1 శాతానికి కుటుంబ సమస్యలు కారణమట. ఈ రెంటినీ విడదీయగల పండితుడెవరో చూడాలని మాకూ ఉంది. పురుగుమందుల కొట్టు బాకీ కోసం మనిషి వాకిట్లో నిలబడి నాలుగు మాటలని పోయాడు. ఆ రాత్రి ఆలుమగలు గొడవపడ్డారు. పుస్తెలతాడు అప్పటికే తాకట్టులో ఉంది. ఇది ఏ గడి?

మాకు చదువు మీద చులకన లేదు. కౌలురైతులను గుర్తించి రుణాలివ్వమని జయతీ ఘోష్ కమిషన్ ఎప్పుడో చెప్పింది. సాగు ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వమంది స్వామినాథన్ కమిషన్. వాళ్లు చెప్పాల్సింది చెప్పారు. ఆ నివేదికలు పట్టుకునే మనం ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నాం. కానీ మనిషి పోయిన ఇంటికి వచ్చేది నివేదిక కాదు, ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి ఉన్న ముగ్గురు సభ్యుల కమిటీ. పాసుపుస్తకం ఏది, బ్యాంకు కాగితం ఏదని అడుగుతుంది. కౌలు నోటిమాట మీద నడిచింది. పాసుపుస్తకం భూయజమాని ఇంట్లో, ప్రామిసరీ నోటు అప్పిచ్చినవాడి బీరువాలో ఉంటాయి. ఆమె ఏం చూపిస్తుంది?

పక్క చేను రైతు, ఆ పొలంలో కలుపు తీసిన కూలీలు చెప్పిన మాటను ఈ కమిటీలు సాక్ష్యంగా రాసుకోవాలి. ఇది మన డిమాండు. అంతవరకు మన గ్రామ శాఖలు చేయగలిగింది ఉంది. మహిళా సభ్యులు ఇద్దరినైనా వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. మొదటి రోజు కాగితం, కలం బయటికి తీయకండి. ఆమె చెప్పింది చెప్పినట్టు వినండి. రెండోసారి వెళ్లినప్పుడు బాకీల జాబితా రాయండి, నోట్ల నకళ్లు అడిగి తెప్పించండి. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవడం మరవద్దు.