నిదానమే ప్రధానం

"పాత బండి గదా మేష్టారూ, నీళ్ళు పోసుకుంటూ వాడుకోండి."

ఈ వాక్యంపై నా అభ్యంతరాన్ని తెలపడానికే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను. కార్ల సంగతి తెలుగు పండితునికి ఎందుకని విజ్ఞులైన మిత్రులు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివి నవ్వండి.

మా కారుకు ఇరవై యేళ్ళు దాటాయి. నిరుడు దానికి దాహం పట్టుకుంది. వారానికి అరలీటరు నీరు తాగేది. నిలిపిన చోట నేల మాత్రం పొడిగా ఉండేది. మొదటి షెడ్డులో బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి, రేడియేటర్‌లో పిడికెడు పసుపు పోశారు. దెబ్బ తగిలితే పసుపు అద్దే జాతి మనది, నేనూ సంతోషించాను. పసుపైనా, సీసాల్లో అమ్మే మందైనా చిల్లిని వెతుక్కుంటూ పోదని, దారిలోని సన్నని గొట్టాలను కూడా పూడ్చగలదని అప్పటికి నాకు తెలియదు.

రెండవ షెడ్డువారు రేడియేటరే మార్చి, కొత్త కూలెంట్ పోశారు. ఆ నెల పింఛనులో మంచి భాగం అక్కడే పోయింది. పది రోజులకు మళ్ళీ నీరు తగ్గింది. "హెడ్ గాస్కెట్ పోయుంటుంది, ఇంజను విప్పాలి" అన్నారు. ఆ క్రియను గమనించండి. అది ఊహను చెప్పేదే గాని నిశ్చయాన్ని చెప్పేది కాదు. ఊహను చెప్పే క్రియమీద ఇంజను విప్పడమా?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు నేను తొందరలో ఉన్నాను. గుంటూరులో ఆసుపత్రికి వేళ మించిపోతున్నదని, త్వరగా చూడమని రెండుసార్లు కేకవేశాను. షెడ్డులో పనిచేసే కుర్రవాడు, తొమ్మిదో తరగతిలో ఉండవలసిన వయసువాడు, గుడ్డ అడ్డం పెట్టి రేడియేటర్ మూత తిప్పాడు. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది. నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులు కాగానే ఒత్తిడి పోయి, ఆవిరై పైకి చిమ్ముతుంది. ఆ పిల్లవాని ముంజేయి కాలింది. వైద్యం ఖర్చు నేనే భరించాను, కాని మచ్చ ఉండిపోయింది. వెతకడానికి ఓపిక లేని పెద్దవాళ్ళు ముగ్గురు. మూల్యం చెల్లించినవాడు ఒక పిల్లవాడు.

తెలుగులో నిదానమంటే నెమ్మది. సంస్కృతంలో నిదానమంటే మూలకారణం, రోగకారణాన్ని నిర్ణయించడం. ఆయుర్వేదంలో రోగనిర్ణయానికే ప్రత్యేకించిన గ్రంథం పేరు మాధవనిదానం. 'నిదానమే ప్రధానం' అన్న సామెతను ముప్ఫయి యేళ్ళు మొదటి అర్థంలోనే పిల్లలకు చెప్పాను. రెండవ అర్థాన్ని నాకు చెప్పినవాడు మూడవ షెడ్డులోని ఒక వృద్ధ మెకానిక్, పుస్తకం ముట్టకుండానే.

ఆయన మొదటిమాటే "ఇవాళ ఏమీ విప్పను. ముందు చల్లారనివ్వండి" అని. చల్లారాక మూత తీసి, ఆ స్థానంలో ముల్లున్న చేతిపంపు ఒకటి బిగించి, మూతమీద ముద్రించి ఉన్న ఒత్తిడి వరకూ గాలి కొట్టాడు. ముల్లు మెల్లగా దిగసాగింది. బండి కింద పరచిన అట్టముక్క మీద చుక్క లేదు. హోసు పైపుల క్లిప్పుల దగ్గర చూశాడు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర చూశాడు, అంతటా పొడి. ఇంజనాయిలు పుల్ల తీసి చూస్తే ఆయిలు తేటగా ఉంది, పాలవలె విరగలేదు. ప్లగ్గులూ పొడిగా ఉన్నాయి.

"బయటా లేదు, ఇంజన్లో పడుతున్న జాడా లేదు. మరి బండి లోపలే గదా!" అన్నాడు.

నాకు చెంపపెట్టయింది. ఎందుకంటే మా ఆవిడ నాలుగు నెలలుగా చెబుతూనే ఉంది: "ఏమండీ, కాళ్ళకింద తడిగా ఉంటోంది. ఏదో తియ్యటి వాసన." అది ఏసీ నీరని అందరమూ కొట్టిపారేశాం. కార్తీకంలో ఏసీ వెయ్యకపోయినా తడి ఉందని ఆమె అన్నప్పుడూ వినలేదు. ఏసీ నీటికి రంగూ ఉండదు, తీపి వాసనా ఉండదు. కార్పెట్ ఎత్తి తెల్లగుడ్డతో తుడిస్తే పచ్చని జిడ్డు అంటింది. అంచున పసుపు మరక కూడా!

కారుతున్నది హీటరు. మన కోస్తాలో హీటరు వేసేదెవరు? వెయ్యం గనుక అనుమానించం. కాని మీట తిప్పకపోయినా చాలా కార్లలో ఇంజను నీరు దాని గుండా తిరుగుతూనే ఉంటుంది. ఆయన హీటరుకు పోయే రెండు పైపులనూ నొక్కిపట్టి మళ్ళీ గాలి కొట్టాడు. ముల్లు కదలలేదు. అదీ రుజువు! హీటరును తప్పించి, ఆ రెండు కొసలనూ ఒకే పైపుతో కలిపాడు. పైపు ఖరీదు, చూసినందుకు మూడువందలు. అంతే. నాటినుంచి నీరు తగ్గలేదు.

ఇక నా వాదం. మెకానిక్కులను తిట్టి ఊరుకోవడం సులువు. కాని "చూసినందుకు కూడా డబ్బులా?" అని బేరమాడేది మనమే. సామాను మారిస్తే మాట్లాడకుండా బిల్లు కడతాం. కారణం కనిపెట్టిన బుద్ధికి కూలి ఇవ్వం. అటువంటప్పుడు షెడ్డువాడు సామాను మార్చక ఏం చేస్తాడు? నేనూ బడిలో అదే చేశాను. తప్పు వ్రాసిన మాట చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టాను గాని, ఆ తప్పు పిల్లవాడికి ఎక్కడ పుట్టిందో ఎన్నిసార్లు అడిగాను?

పాతబండికి ఇంత వెతుకులాట దేనికి, అమ్మిపారేయమనే మిత్రులకు ఒక మనవి. కారణం తెలియకుండా అమ్మితే రోగాన్ని ఇంకొకరికి అంటగట్టినట్టే. నీళ్ళు పోస్తూ వాడుకుంటే, పోసినకొద్దీ కూలెంట్ పలచబడి లోపల తుప్పు పెరుగుతుంది. పైగా అందులోని గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్రాయండి, జవాబిస్తాను. వాదం ఎలా తేలినా సరే, ఇంజను వేడిగా ఉండగా ఆ మూతను మాత్రం మీరు తీయకండి. పిల్లలచేత అసలే తీయించకండి.