బడిలో గురువు.. పట్టా కోసం విద్యార్థి!
ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణలో ‘దూర’ భారం
వారాంతపు తరగతులు, టీవీ పాఠాలతో డిప్లొమా
న్యాయస్థానాల తీర్పులతో మారిన అర్హతల లెక్క
ప్రకటనలు చూసి చేరితే మొదటికే మోసం

శ్రీకాకుళం: ఉదయం తొమ్మిది గంటలకు బడి, సాయంత్రం ట్యూషను, రాత్రి ఇంటి పని ముగిశాక పుస్తకం. శని, ఆదివారాల్లో అధ్యయన కేంద్రంలో తరగతి. ఇచ్ఛాపురం మొదలుకొని రణస్థలం వరకు ప్రైవేటు పాఠశాలల్లో చిన్న తరగతులకు బోధించే ఎందరికో శిక్షణ అంటే ఇదే. వీరిలో అధిక శాతం మహిళలే. ఇంటర్మీడియట్‌తోనో, డిగ్రీతోనో బడిలో అడుగుపెట్టి, పాఠం చెబుతూనే పాఠం చెప్పడం నేర్చుకున్నవారు వీరు. ఉద్యోగం మానుకొని రెండేళ్లపాటు కళాశాలకు వెళ్లే స్తోమత లేనివారికి పని చేస్తూ చదివే విధానం వరమే. అయితే ఆ వరానికి ఉన్న షరతులేమిటో తెలియక చేతికందిన పట్టా ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో అంతుపట్టని పరిస్థితి నెలకొంది.

ఇంటి నుంచి డైట్‌కు ఎంత దూరం?

ప్రాథమిక ఉపాధ్యాయ వృత్తికి రాచబాట డీఈడీ. 1986 నాటి జాతీయ విద్యా విధానం అనంతరం జిల్లాకొకటి చొప్పున జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్‌లు) ఏర్పాటయ్యాయి. సిక్కోలుకు సంబంధించి గార మండలం వమరవల్లిలో డైట్ ఉంది. పాత తరం నోట ‘సెకండరీ గ్రేడ్ ట్రైనింగ్’గా, ‘టీటీసీ’గా నలిగిన చదువే తరువాత డీఈడీగా, ఇప్పుడు డీఎల్‌ఈడీగా మారింది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం ఇది రెండు విద్యా సంవత్సరాల కోర్సు. ఏటా 200 పని దినాలు ఉండాలి. దీనిలో 20 వారాలు పాఠశాలలోనే గడపాలి. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు కనీస అర్హత. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాల నుంచి జిల్లా కేంద్రానికి నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల వారికి బస్సు ఎక్కే ముందు నడక తప్పదు. ఇంటిని, సంపాదనను వదిలి రెండేళ్లు చదవడం అందరికీ సాధ్యం కాదు. దూరవిద్య, ఆన్‌లైన్ పాఠాలు, ముఖాముఖి తరగతులను కలగలిపిన మిశ్రమ విధానానికి ఆదరణ పెరగడానికి మూలం ఇక్కడే ఉంది.

చట్టం తెచ్చిన తొందర

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. శిక్షణ లేని ఉపాధ్యాయులు అయిదేళ్లలో అర్హత సంపాదించాలని అందులోని 23వ సెక్షన్ నిర్దేశించింది. 2015 మార్చి 31తో ఆ గడువు ముగిసినా దేశవ్యాప్తంగా లక్షలాది మంది శిక్షణ లేకుండానే మిగిలిపోయారు. దాంతో 2017 ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 2019 మార్చి 31 వరకు చివరి అవకాశం ఇచ్చింది. ఆ తేదీ దాటితే శిక్షణ లేనివారిని కొనసాగించరాదన్నది దీని సారాంశం.

ఇంత మందికి ఇంత తక్కువ సమయంలో శిక్షణ ఇచ్చే శక్తి డైట్‌లకు లేదు. ఆ బాధ్యతను జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)కు అప్పగించారు. 2017 సెప్టెంబరు 22న ఎన్‌సీటీఈ గుర్తింపునిచ్చింది. దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా ఉపాధ్యాయులు ఇందులో చేరారు. ఉపాధ్యాయ విద్య చరిత్రలో ఒకే కోర్సులో ఇందరు ఒకేసారి చేరడం అసాధారణం. పని చేస్తున్న బడి యూడైస్ కోడ్, ప్రధానోపాధ్యాయుడి ధ్రువీకరణ ఉంటేనే నమోదుకు అవకాశం ఇచ్చారు. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు లేనివారు ఆ లోటును కూడా పూడ్చుకోవలసి వచ్చింది.

మూడు దారుల చదువు

ఈ కోర్సులో పాఠం మూడు దారుల్లో అభ్యర్థికి చేరింది. 2017 జులైలో ప్రారంభమైన ‘స్వయం’ వేదికపై వీడియోలు, చదువుకునే పాఠ్యాంశం, స్వీయ పరీక్షలు, చర్చా వేదిక ఏర్పాటు చేశారు. అంతర్జాలం అందని పల్లెల కోసం ‘స్వయం ప్రభ’ డీటీహెచ్ చానళ్లలో ఒకదానిని పూర్తిగా దీనికే కేటాయించారు. మూడోది అధ్యయన కేంద్రాల్లో నిర్వహించిన ముఖాముఖి తరగతులు. వీటికి తోడు అసైన్‌మెంట్లు, పాఠశాల ఆధారిత కృత్యాలు, కార్యశాలలు, బోధనాభ్యాసం తప్పనిసరి చేశారు.

పాఠ్య ప్రణాళికను తేలికగా తీసిపారేయడానికి వీల్లేదు. దేశంలో ప్రాథమిక విద్య సామాజిక నేపథ్యం, బోధన ప్రక్రియలు, భాష, గణితం, పరిసరాల విజ్ఞానం బోధించే తీరు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను కలుపుకొనిపోవడం, సమాజానికి బడికి ఉండే సంబంధం.. ఇలా డీఈడీలో ఉండవలసిన అంశాలన్నీ అందులో ఉన్నాయి. ఉదయం చదివిన అంశాన్ని మధ్యాహ్నం తన తరగతిలోనే పరీక్షించి చూసుకునే వెసులుబాటు పని చేస్తున్న ఉపాధ్యాయులకు మాత్రమే ఉంటుంది. తీసివేత లెక్కలో పిల్లవాడు పెద్ద అంకె నుంచే చిన్న అంకెను ఎందుకు తీసివేస్తున్నాడో పుస్తకంలో చదివినవారికి, మరునాడు అదే పొరపాటు పలకపై కనిపించినవారికి మధ్య ఎంతో తేడా ఉంటుంది.

లోపం ఎక్కడ?

లోపం దూరవిద్యలో కన్నా పర్యవేక్షణలో ఎక్కువగా ఉంది. డైట్‌లో ఛాత్రోపాధ్యాయుడు పాఠం చెబుతుంటే వెనుక బల్లపై అధ్యాపకుడు కూర్చుని గమనిస్తాడు. పాఠ్య పథకం దిద్దుతాడు. నల్లబల్ల రాత నుంచి ప్రశ్న అడిగే తీరు వరకు తప్పులు చూపుతాడు. పని చేసే బడిలోనే బోధనాభ్యాసం జరిగినప్పుడు ఆ పని సొంత ప్రధానోపాధ్యాయుడి మీదో, సహోపాధ్యాయుల మీదో పడుతుంది. వారికే శిక్షణ అంతంతమాత్రంగా ఉంటే దిద్దేదెవరు? రికార్డులు నిండుతాయి, సంతకాలు పడతాయి. బోధనలో మార్పు మాత్రం ఉపాధ్యాయుడి చిత్తశుద్ధికే వదిలేసినట్లవుతుంది.

సమయం మరో సమస్య. ప్రైవేటు బడిలో సెలవు దొరకడం కష్టం. ఆదివారం తరగతికి వెళితే వారంలో విశ్రాంతి అనేదే ఉండదు. వీడియో పాఠాలు ఎప్పుడైనా చూడవచ్చన్న మాట నిజమే అయినా, ఆ ‘ఎప్పుడైనా’ రాత్రి పదింటి తరువాతే వస్తుంది. కొండ గ్రామాల్లో సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కోవాలి.

భాష అంశం మరింత లోతైనది. మందస, మెళియాపుట్టి, పాతపట్నం కొండల్లో పిల్లల ఇంటి భాష సవర. ఇచ్ఛాపురం వైపు ఒడియా వినిపిస్తుంది. మాతృభాష ద్వారా చదువు నేర్పాలన్న లక్ష్యంతో ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ప్రారంభమైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర కూడా ఉంది. ఒకటో తరగతిలో తెలుగు అర్థం కాని పిల్లవాడికి అక్షరం ఎలా దిద్దించాలో దేశమంతటికీ ఒకే మూసలో తయారైన వీడియో చెప్పలేదు. ఒకే గదిలో రెండు మూడు తరగతులను నడిపే బడులకూ ఇదే వర్తిస్తుంది. దానికి ఆ మండలం తెలిసిన శిక్షకుడు, ముఖాముఖి తరగతి కావాలి.

తీర్పులతో మారిన లెక్క

పట్టాలు చేతికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. పని చేస్తున్నవారన్న కారణంతో రెండేళ్ల కోర్సును 18 నెలలకు కుదించారు. కొత్త నియామకాలకు అది చెల్లదని 2019 సెప్టెంబరులో బిహార్ ప్రభుత్వానికి ఎన్‌సీటీఈ తెలిపింది. ఆ వైఖరిని 2020 జనవరిలో పట్నా హైకోర్టు తోసిపుచ్చింది. ఉత్తరాఖండ్ నియామకాల కేసులో 2023 నవంబరు 28న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ 18 నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాకు సమానం కాదని స్పష్టం చేసింది. ఉద్యోగంలో ఉన్నవారిని కాపాడేందుకు ఒక్కసారికి ఇచ్చిన అవకాశంగానే దానిని పరిగణించింది.

తరువాత 2024 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానమే వివరణ ఇచ్చింది. 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి, 2019 ఏప్రిల్ 1కి ముందు 18 నెలల కోర్సు పూర్తి చేసినవారిని చెల్లుబాటయ్యే డిప్లొమా ఉన్నవారిగానే చూడాలని, ఇతర సంస్థల్లో నియామకానికి, పదోన్నతికి వారు అర్హులేనని పేర్కొంది. దీంతో పట్టా విలువ ఆ రెండు తేదీల మీద ఆధారపడింది. నియామక పత్రం, హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు నకలు ఉన్నవారు ఒడ్డున పడ్డారు. నోటి మాట మీద చేరి, చేతికి జీతం తీసుకున్న వారికి ఆనాటి ఉద్యోగాన్ని రుజువు చేసుకోవడమే పరీక్ష. యాజమాన్యం మారిన బడులు, మూతపడిన బడుల ఉపాధ్యాయుల పరిస్థితి మరీ దయనీయం.

బీఈడీ వారికీ వంతెన చదువే

ప్రాథమిక తరగతులకు బీఈడీ వారిని అనుమతిస్తూ 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ నోటిఫికేషన్ ఇచ్చింది. నియామకం తరువాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలన్నది షరతు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఈ నోటిఫికేషన్ చెల్లదని తేల్చింది. చిన్న పిల్లలకు బోధించడం ప్రత్యేక నైపుణ్యమని, బీఈడీ అందుకు ఉద్దేశించినది కాదని పేర్కొంది. తీర్పునకు ముందు నియమితులైన వారిని కొనసాగిస్తూనే బ్రిడ్జి కోర్సు పూర్తి చేయాలని 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ కోర్సు కూడా ఎన్‌ఐఓఎస్ ద్వారా దూరవిద్య విధానంలోనే రూపుదిద్దుకుంది. అంటే ప్రభుత్వ బడుల్లోని కొందరు ఎస్జీటీలు సైతం ఉద్యోగం చేస్తూ మరోసారి విద్యార్థులు కావలసిందే.

రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి నాటి డీఎస్సీ ప్రకటనలో ఎస్జీటీ పోస్టులకు బీఈడీ వారిని అనుమతించగా హైకోర్టు అడ్డుచెప్పింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో వెలువడిన మెగా డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులూ ఉన్నాయి. వాటికి పోటీ పడాలంటే డీఈడీ, దానితోపాటు టెట్ ఉండాలి. సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులలో పదవీ విరమణకు అయిదేళ్లకు మించి సమయం ఉన్నవారు రెండేళ్లలో టెట్ గట్టెక్కాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అర్హతల ప్రాధాన్యాన్ని మరింత పెంచింది.

చేరే ముందు చూసుకోవలసినవి

* దూరవిద్యలో డీఎల్‌ఈడీ ఉద్దేశించింది ఇప్పటికే బోధిస్తున్న వారికే. 2014 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన ప్రాథమిక పాఠశాలలో కనీసం రెండేళ్ల బోధనానుభవం తప్పనిసరి. ఇంటర్మీడియట్ పూర్తయిన విద్యార్థి ఇంట్లో కూర్చుని ఈ పట్టా పొందడం కుదరదు.

* ‘హాజరు అక్కర్లేదు, పరీక్ష రోజున వస్తే చాలు’ అన్న ప్రకటన కనిపిస్తే దూరంగా ఉండడమే మేలు. ఇతర రాష్ట్రాల సంస్థల పేరుతో దళారులు చెప్పే మాటలను ఎన్‌సీటీఈ గుర్తింపు జాబితాతో సరిచూసుకోవాలి.

* సంస్థకు గుర్తింపు ఉంటే సరిపోదు. ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి, ఆ విధానానికి గుర్తింపు ఉందో లేదో చూడాలి.

* నియామక పత్రం, అనుభవ ధ్రువపత్రం, జీతం బ్యాంకు ఖాతాలో పడిన ఆధారాలు భద్రపరచుకోవాలి. పదేళ్ల తరువాత న్యాయస్థానం అడిగేది వాటినే.

ఏం చేయాలి?

శిక్షణలో కొంత భాగం తెరపైకి చేరడం ఇక ఆగేది కాదు. ప్రభుత్వ ఉపాధ్యాయులకు 2019లో మొదలైన ‘నిష్ఠ’ శిక్షణ కొవిడ్ కాలంలో ‘దీక్ష’ వేదిక ద్వారా ఆన్‌లైన్‌కు మారింది. జాతీయ విద్యా విధానం 2020 నాలుగేళ్ల సమీకృత బీఈడీని 2030 నాటికి కనీస అర్హతగా చేయాలని సంకల్పించింది. ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్లు పూర్తికాలం చదవగలిగేవారికి అది మంచి బాట. ఇప్పటికే బడిలో ఉన్న పేద ఉపాధ్యాయినికి మాత్రం పని చేస్తూ చదివే దారి మిగిలి ఉండాలి.

ఆ దారి గౌరవప్రదం కావాలంటే డైట్‌లను దానికి కేంద్రంగా చేయాలి. వీడియో పాఠం దేశానికంతటికీ ఒకటే అయినా, బోధనాభ్యాసాన్ని చూసి దిద్దే బాధ్యత వమరవల్లి వంటి సంస్థల అధ్యాపకులకు ఉండాలి. ఇందుకు ముందుగా డైట్‌లలో అధ్యాపక ఖాళీలు లేకుండా చూడాలి. ముఖాముఖి తరగతులు జిల్లా కేంద్రంలో కాక టెక్కలి, పలాస, సోంపేట వంటి చోట్ల జరిగితే మహిళలకు ఊరట. కోర్సు కాలంలో నెలకు ఒకటి రెండు రోజులైనా వేతనంతో కూడిన సెలవు ఇచ్చేలా ప్రైవేటు యాజమాన్యాలను ఒప్పించాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, కోర్సు మొదలయ్యే రోజునే అది ఏ ఉద్యోగానికి పనికివస్తుందో, దేనికి పనికిరాదో రాతపూర్వకంగా చెప్పాలి. 18 నెలల డిప్లొమా విషయంలో ఆ ఒక్క మాట ముందే స్పష్టంగా చెప్పి ఉంటే, ఇన్నేళ్లపాటు ఉపాధ్యాయులు కోర్టు మెట్లెక్కవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ లెక్కల్లో కనిపించని పక్షం మరొకటి ఉంది. ఒకటో తరగతి పిల్లవాడికి తన టీచరు పట్టా 18 నెలలదా, రెండేళ్లదా తెలియదు. అక్షరం పట్టుబడిందా లేదా అన్నదే అతనికి ముఖ్యం. శిక్షణ ఏ దారిలో వచ్చినా ఆ తరగతి గది దాకా చేరాలి. అలా చేరనంతకాలం ఎన్ని పట్టాలు పంచినా ప్రయోజనం శూన్యమే.